మన్నా ఆగిపోయిన రోజు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు యౌవనస్థులు మందిరం మెట్ల దగ్గర మమ్మల్ని ఆపారు. ఇద్దరు డిగ్రీ, ఒకరు బీటెక్, ఒకరు పాలిటెక్నిక్ పూర్తి చేసినవాళ్ళు. "అయ్యగారూ, 2024 ఎన్నికలప్పుడు నెలకు మూడు వేలు నిరుద్యోగ భృతి ఇస్తామన్నారు కదా. వస్తే తీసుకోవచ్చా? చిన్న పని దొరికాక కూడా కొన్నాళ్ళు తీసుకుంటే తప్పా?" అని అడిగారు. నవ్వుతూనే మొదలుపెట్టారు గాని, ఆ చివరి మాట దగ్గర ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"రాసి చెబుతాము" అని ఇంటికి వచ్చేశాము. తప్పించుకోవడానికి అలా అనలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకసారి నిజంగానే వచ్చింది. దాన్ని గురించి ఇన్నేళ్ళూ మేము ప్రసంగంలో గాని, ఇక్కడ గాని ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా ఈ రోజు దాచకుండా చెబుతాము.

అది 2018వ సంవత్సరం. అక్టోబరు 2న మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి యువనేస్తం పథకం మొదలైంది. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబంలో డిగ్రీ గాని డిప్లొమా గాని చదివి, 22 నుండి 35 ఏళ్ళ మధ్య వయస్సు ఉండి, పని లేనివారికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు. మీరు అమ్మగారు అని పిలిచే మా ఇంటామెకు అప్పుడు 34 ఏళ్ళు. డిగ్రీ, బీఈడీ చదివి, డీఎస్సీ కోసం పుస్తకాలు ముందేసుకొని కూర్చున్న రోజులవి. ఆ నెలలోనే డీఎస్సీ ప్రకటన కూడా వచ్చింది.

దరఖాస్తు పెట్టాలా వద్దా అని మొదట మేమే వెనకాడాము. సేవకుని ఇంట్లో ప్రభుత్వ భృతి తీసుకుంటే సంఘం ఏమనుకుంటుంది? దేవుడు పోషిస్తాడని ప్రతి ఆదివారం చెప్పేవాళ్ళము, మన ఇంటికి వచ్చేసరికి భృతికి పేరు రాయించుకున్నామంటే నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలి? ఆమె అన్నది ఒక్కటే మాట. "ఏమండీ, ఏలీయాకు రొట్టె కాకులు తెచ్చాయి. కాకి తెచ్చిందని ఆయన తినడం మానలేదు కదా." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు పెట్టాము. నవంబరు నెలలో మొదటి వెయ్యి పడింది.

ప్రియులారా, ఆ వెయ్యి మా ఇంట్లో ఏం చేసిందో మాకు బాగా జ్ఞాపకం. డీఎస్సీ దరఖాస్తు రుసుము కట్టాము. పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొన్నాము. పరీక్ష కేంద్రానికి వెళ్ళిరావడానికి బస్సు చార్జీలకు వాడుకున్నాము. మన సంఘంలో ఆ రోజుల్లో ఆదివారం కానుక ఆరేడు వందలు దాటేది కాదు. అది చెప్పుకోవడానికి సిగ్గు లేదు, మీరు ఇవ్వగలిగింది మీరు ఇచ్చారు. ఆ కానుకలో నుండి పరీక్ష ఖర్చు తీయాలంటే బియ్యం ఖర్చు తగ్గించుకోవాలి. కాబట్టి ఆ వెయ్యిని మేము ప్రభువుకు స్తోత్రం చెప్పే తీసుకున్నాము. ఈ రోజుకీ అందులో తప్పు లేదనే నమ్ముతున్నాము.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పని లేనివాడికి ఇచ్చే సాయాన్ని కొందరు సోమరితనం కింద లెక్క కడతారు. పౌలు థెస్సలొనీకయ సంఘానికి రాసిన మాటను తీసి ఉద్యోగం లేని పిల్లల మీద రాయిలాగా విసురుతారు. ఆ మాట చెప్పింది పని చేయడానికి ఇష్టపడని వానిని గురించి. పని దొరకని వానిని గురించి కాదు. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంకాలం దాకా సంత వీధిలో నిలబడినవాళ్ళను చూశాడు. ఎందుకు ఊరక నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ కూలికి పిలవలేదన్నారు. ఆయన వాళ్ళను సోమరులని తిట్టలేదు. పనిలోకి పంపి, పూర్తి కూలి ఇచ్చాడు. గుంటూరులోనో విజయవాడలోనో పొద్దున్నే అడ్డా మీద క్యారేజీ పట్టుకొని నిలబడి, పదకొండు గంటలకు వట్టి చేతులతో తిరిగి వచ్చే మన సంఘస్థులకు ఆ ఉపమానం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

మన రాజ్యాంగం 41వ అధికరణం కూడా, ప్రభుత్వం తన శక్తి మేరకు పని హక్కుకు, నిరుద్యోగంలో, వృద్ధాప్యంలో, జబ్బులో ప్రజలకు సాయానికి ఏర్పాటు చేయాలని చెబుతుంది. మీరు కరువు పని అని పిలిచే ఉపాధి హామీకి 2005లో వచ్చిన చట్టంలోనూ, పని అడిగిన పదిహేను రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. కాబట్టి అది ఎవరో జాలిపడి వేసే బిచ్చం కాదు. బైబిలు మాటల్లో చెప్పాలంటే అది పరిగె.

పరిగె అంటే మాకు పుస్తకంలో చదువుకున్న మాట కాదు. మాసూళ్ళ రోజుల్లో మా అమ్మ తెల్లవారకముందే చీర కొంగు నడుముకు దోపుకొని పరిగె ఏరడానికి వెళ్ళేది. కోసిన చేలో రాలిన వరి వెన్నులు ఒడిలో వేసుకొని తెచ్చేది. ఒక రోజు కుంచెడు గింజలు, ఒక రోజు అంతకూ తక్కువ. ఆ గింజలతో మేము అన్నం తిన్నాము. లేవీయకాండంలో దేవుడు పొలం అంచులు కోయవద్దని, రాలినవి ఏరుకోవద్దని, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయమని యజమానికి ఆజ్ఞ ఇచ్చాడు. రూతు యవల కోత, గోధుమల కోత అయ్యేదాకా అలాగే ఏరుకొని అత్తను పోషించింది. ఆమెను దేవుని గ్రంథం ఎక్కడా తక్కువ చేయలేదు. పైగా దావీదు వంశావళిలో నిలబెట్టింది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాము.

డీఎస్సీ పరీక్ష రాశాక, 2019 సంక్రాంతి సెలవులు అయిన తరువాత, మండల కేంద్రంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమెకు పని దొరికింది. నెలకు 5,500. కాగితం లేదు, నియామక పత్రం లేదు. నెలాఖరుకు కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. అందులో ఆటో ఖర్చే రోజుకు ముప్ఫై రూపాయలు. అది ఆమె కోరుకున్న ఉద్యోగం కాదు. ఇంకా వెతుకుతూనే ఉంది. ప్రభుత్వ బడిలో పోస్టు వస్తుందని ఆశ పెట్టుకొని ఉంది. మా ఇంట్లో అప్పుడు అందరమూ అనుకున్న మాట, పని దొరికింది గాని ఉద్యోగం దొరకలేదని.

ఆ మాటలో ఒక సౌకర్యం ఉంది. ఉద్యోగం దొరకలేదు కాబట్టి ఇంకా నిరుద్యోగులమే. నిరుద్యోగులమే కాబట్టి భృతి మనదే. ఇలా మేమే లెక్క కట్టుకున్నాము. ఆమె బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పడిన వెయ్యిని కూడా తీసుకున్నాము. అయితే ఆ పథకం నియమాలు మేము దరఖాస్తు రోజునే చదివాము. ప్రభుత్వంలో గాని ప్రైవేటులో గాని పని చేస్తున్నవారికి, స్వయం ఉపాధి ఉన్నవారికి అది వర్తించదు. చదివి కూడా తీసుకున్నాము. ఇది మా ఒప్పుకోలు.

అదే సమయంలో భృతిని రెట్టింపు చేసి 2,000 చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. వెయ్యిని వదులుకోవడం ఒక లెక్క, రెండు వేలను వదులుకోవడం ఇంకో లెక్క. మా అబ్బాయి స్కూలు ఫీజు బాకీ ఉంది. కిరాణా కొట్టులో ఖాతా ఉంది. తెలిసిన పెద్దమనిషి ఒకాయన మా మేలు కోరే అన్నారు, "పాస్టరుగారూ, కవరులో ఇచ్చే జీతం ఎవరికి తెలుస్తుంది? మీరు వదిలేస్తే ఆ డబ్బు బీదవాడికి పోతుందా? ఎవరో ఒకరు తింటారు. ఏదో మీ పిల్లవాడికి పనికొస్తుంది." ఆ మాట తీసేయదగింది కాదు. మేము వదిలేసిన డబ్బు ఎవరికి చేరుతుందో మాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మేము వరుసగా చదువుకుంటున్న భాగం యెహోషువ గ్రంథం ఐదవ అధ్యాయం. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటి గిల్గాలులో పస్కా ఆచరించారు. మరునాడు కనాను దేశపు పంట తిన్నారు. ఆ తరువాతి రోజు నుండి మన్నా పడలేదు. నలభై ఏళ్ళు తప్పకుండా పడిన మన్నా, వాళ్ళ నోట సొంత నేల గింజ పడిన మరుసటి రోజే ఆగిపోయింది. ఆ భాగం మేము ఎన్నోసార్లు చదివాము, ప్రసంగించాము కూడా. ఆ రాత్రి మాత్రం చదవడం ఆపి ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

ఆ దేశంలో వాళ్ళకు పంట ఇంకా నిండుగా లేదు. యెరికో గోడ ఇంకా కూలలేదు. వాళ్ళు స్థిరపడ్డారని ఎవరూ అనలేరు. అయినా మన్నా ఆగింది. వాళ్ళకు సరిపడా వచ్చేదాకా దేవుడు దాన్ని పొడిగించలేదు. తినడానికి నేల నుండి వచ్చింది, అరణ్యపు ఆహారం పని అయిపోయింది. అంతే.

ఒక తేడా మాత్రం ఉంది. మన్నా ఎప్పుడు ఆపాలో దేవునికి తెలుసు. ప్రభుత్వ ఖాతాకు ఆ సంగతి తెలియదు. మన ఇంట్లో గింజ వచ్చిందో లేదో మనము చెబితేనే దానికి తెలుస్తుంది. చెప్పకపోతే ప్రతి నెలా మన పేరు ఆ జాబితాలో నిలబడి, మాకు పని లేదు అని మన తరఫున చెబుతూనే ఉంటుంది. ఆ డబ్బు ఎవరు తింటారన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయినా, మా పేరు ఏం చెబుతోందన్న ప్రశ్నకు ఉంది. అది అబద్ధం చెబుతోంది.

అప్పుడు ఆమె మా అమ్మ సంగతి గుర్తు చేసింది. ఒక ఏడు మా నాన్న అరెకరం కౌలుకు చేస్తే, కౌలు కొలిచాక ఇంటికి ఆరు బస్తాలు వచ్చాయి. ఏడాదికి చాలవు. అయినా ఆ ఏడు మా అమ్మ పరిగెకు వెళ్ళలేదు. పక్కింటామె వచ్చి పిలిస్తే, "మాకు గింజ ఇంటికొచ్చిందమ్మా, ఇంక ఆ చేలో గింజ నీది" అని చెప్పి పంపింది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. లేవీయకాండం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

మరుసటి రోజు మేమిద్దరమూ వెళ్ళి, పని దొరికింది, భృతి ఆపండి అని అర్జీ రాసి ఇచ్చాము. అక్కడ ఉన్న అబ్బాయి కాగితం రెండుసార్లు చదివాడు. "ఇంకా పడలేదని వచ్చేవాళ్ళనే చూశామండీ, ఆపమని వచ్చినవాళ్ళను చూడలేదు" అని నవ్వాడు. పని చేస్తూ తీసుకున్న ఆ ఒక్క నెల వెయ్యి వెనక్కి ఎలా కట్టాలని అడిగితే, అతనికీ తెలియలేదు. ఆ వెయ్యిని సంఘంలో విధవరాండ్ర సాయానికి ఇచ్చాము. ఇంటికొచ్చాక ఆమె అంది, "దీన్ని కానుక అనుకోకండి. చిరునామా తెలియక పక్కింట్లో ఇచ్చి వచ్చిన ఉత్తరం ఇది."

ఇక్కడితో ఆపితే ఇది మంచి సాక్ష్యం. కాని అసలు చెప్పవలసింది ఇప్పుడే ఉంది.

ఈ సంగతి ఎలాగో బయటకు వచ్చింది. ఒక ఆదివారం సంఘ పెద్ద ఒకాయన సాక్ష్యాల సమయంలో లేచి, మన అయ్యగారి కుటుంబం రెండు వేలు వదులుకుంది అని చెప్పి, అందరి చేత చప్పట్లు కొట్టించారు. మేము వద్దని చేయి ఊపాము గాని, నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు మా చెవులకు తియ్యగానే ఉన్నాయి. ఆ రోజు చివరి వరుసలో ఒక అబ్బాయి కూర్చున్నాడు. సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తూ భృతి కూడా తీసుకుంటున్నాడు. వాళ్ళమ్మకు జబ్బు, మందులకే జీతంలో సగం పోతుంది. ఈ సంగతి సంఘంలో కొందరికి తెలుసు. చప్పట్లు కొడుతూ ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి అతన్ని చూశారు.

మరుసటి ఆదివారం అతను రాలేదు. ఆ తరువాతి ఆదివారమూ రాలేదు. మూడో వారం మేము వాళ్ళింటికి వెళ్ళాము. మంచం మీద వాళ్ళమ్మ పడుకొని ఉంది. అతను గడప దగ్గరే నిలబడి అడిగాడు, "అయ్యగారూ, మీరు ఆపేశారు. నన్నూ ఆపమని చెప్పడానికి వచ్చారా?"

అవును అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. అక్కర్లేదు అని చెప్పడానికి మనస్సాక్షి ఒప్పలేదు. అతని తల్లి మందుల చీటీ అడిగి తీసుకున్నాము. ప్రార్థన చేసి వచ్చేశాము. ఆ నెల నుండి సంఘ సాయంలో ఆ మందులకు కొంత కేటాయించాము. చేయవలసిన పని అది. చప్పట్లకు ముందే చేసి ఉండవలసింది. కొన్నాళ్ళకు అతను మందిరానికి తిరిగి వచ్చాడు. భృతి ఆపాడో లేదో మేము అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ఏడాది ఎన్నికల తరువాత ప్రభుత్వం మారింది, పథకమే ఆగిపోయింది.

అందుకే ప్రియులారా, ఇన్నేళ్ళూ దీన్ని చెప్పలేదు. మేము సరిగ్గా చేసిన పని ఒక్కటే గాని, దాన్ని పొగడ్త కింద పుచ్చుకున్న ఆ నిమిషంలో అది ఒక బీద పిల్లవాడి మీద రాయి అయింది.

మేము ఆపాక ఆశ్చర్యకార్యం ఏదైనా జరిగిందా అని మీరు అడగవచ్చు. జరగలేదు. ఆ డీఎస్సీలో ఆమెకు పోస్టు రాలేదు. కిరాణా ఖాతా తీరడానికి ఏడాది పట్టింది. 2020 మార్చిలో కరోనాతో బడి మూతపడి, ఆ 5,500 కూడా ఆగిపోయింది. ఆ రోజుల్లో మీరు బియ్యం, పప్పు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒకసారి సాయంగా 5,000 ఇచ్చింది. రెండూ తీసుకున్నాము. సంవత్సరం ముందు భృతి ఆపించుకున్న చేతులే అవి. అప్పుడు ఇంట్లో గింజ ఉంది కాబట్టి ఆపాము, ఇప్పుడు లేదు కాబట్టి తీసుకున్నాము. రెండింటిలోనూ సిగ్గుపడలేదు. ఆ మరుసటి ఏడాది పక్క తెలంగాణలో ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చారని విని, అక్కడ చాక్‌పీసు పట్టిన చేతులతో కూలికి వెళ్ళిన వాళ్ళ కోసం స్తోత్రం చెల్లించాము.

కాబట్టి మెట్ల దగ్గర అడిగిన మా పిల్లలకు మా జవాబు ఇది. పని లేకపోతే, భృతి వస్తే, తల దించుకోకుండా తీసుకోండి. పుస్తకాలకు, దరఖాస్తులకు, బస్సు చార్జీలకు, ఇంట్లో అమ్మ చేతికి ఇవ్వడానికి వాడండి. పని వెతకడం మానకండి. పని దొరికిన రోజున, అది మీరు కోరుకున్న ఉద్యోగం కాకపోయినా, జీతం చిన్నదైనా, ఇంకా మంచిదాని కోసం వెతుకుతూనే ఉన్నా, వెళ్ళి నాకు పని దొరికింది అని చెప్పండి. ఎవరూ అడగరు. మీరే చెప్పాలి. చెప్పలేని బాధ ఇంట్లో ఉంటే ఒంటరిగా మోయవద్దు. మా దగ్గరకు రండి, సంఘం దగ్గరకు రండి. ఆ బాధ తీర్చడం మన వంతు.

ఆపిన తరువాత, ఆపని వాని వైపు తిరిగి చూడకండి. మా వెనుక వరుసలో జరిగింది మళ్ళీ జరగకూడదు.

ప్రభువా, పని లేని మా పిల్లలకు పని చూపించుము. దొరికేదాకా వారి ఆకలి తీర్చుము. తీసుకొనేటప్పుడు సిగ్గును, చాలించేటప్పుడు భయమును, చాలించిన తరువాత గర్వమును మా యొద్ద నుండి తొలగించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

దేవుడు మిమ్మును మీ కుటుంబములను దీవించును గాక.